విదేశీయులకు ఫ్రెంచి భాషా సంస్కృతులు

ఫ్రాన్సు దేశపు భాషను, దానితోపాటు ఆ దేశపు నిత్యజీవితాన్ని, వారసత్వాన్ని విదేశీయులకు బోధించే విద్యారంగాన్ని ఫ్రెంచివారు "ఫ్రాన్సే లాంగ్ ఎత్రాంజేర్" (విదేశీ భాషగా ఫ్రెంచి) అంటారు. భాషను సంస్కృతినుండి విడదీయకుండా నేర్పడం ఈ రంగపు ముఖ్య లక్షణం. ఫ్రాన్సులో చదువుకొనదలచినవారికీ, స్థిరపడదలచినవారికీ ఇది కేవలం అభిరుచికి సంబంధించిన విషయం కాదు. నివాసపత్రం, పౌరసత్వం వంటివి నేడు భాషా పరీక్షలతో ముడివడి ఉన్నవి.

చరిత్ర

విదేశాలలో ఫ్రెంచి భాషావ్యాప్తికై 1883లో పారిస్ నగరంలో అలియాన్స్ ఫ్రాన్సేజ్ అనే సంస్థ ఏర్పడింది. శాస్త్రవేత్త లూయీ పాశ్చర్, నవలాకారుడు జూల్స్ వెర్న్, సూయజ్ కాలువ నిర్మాత ఫెర్డినాండ్ ద లెస్సెప్స్ వంటివారు దీని తొలి సభ్యులలో ఉన్నారు. ఆనాడు దీని ఉద్దేశాలలో వలసరాజ్యాలలో ఫ్రెంచి ప్రాబల్యాన్ని పెంచడం కూడా ఒకటి అన్న సంగతి మరువరాదు. 1953లో గాస్తోన్ మోజే రచించిన ఫ్రెంచి భాషా నాగరికతల పాఠ్యపుస్తకం కొన్ని దశాబ్దాలపాటు అనేక దేశాలలో విద్యార్థుల చేతుల్లో ఉండేది.

1950 దశకంలో జార్జ్ గుగెన్హైమ్ నాయకత్వాన జరిగిన పరిశోధన ఈ రంగాన్ని మలుపు త్రిప్పినది. విదేశీయుడు ముందుగా ఏ మాటలు నేర్వాలి అన్నది ప్రశ్న. గ్రంథాలను ప్రక్కనబెట్టి, సామాన్యుల సంభాషణలను టేపులపై రికార్డు చేసి, ఏ మాట ఎన్నిసార్లు వచ్చినదో పరిశోధకులు లెక్కించారు. అప్పుడొక చిక్కు బయటపడింది. ఇంట్లో నిత్యం వాడే వస్తువుల పేర్లు సంభాషణలలో చాలా అరుదుగా వినిపించాయి. ఉదాహరణకు, భోజనం చేసేవాడు ఫోర్కును చేతబట్టుకుంటాడే గాని దాని పేరు పలుకడు. కనుక ఇటువంటి మాటలను "అందుబాటు పదాలు" అనే పేరిట వేరుగా సేకరించి జాబితాకు చేర్చారు. ఇది భాషను కుదించి పేదదాన్ని చేయడమేనని అప్పట్లో తీవ్ర విమర్శలు వచ్చినా, నేటి ప్రాథమిక పాఠాల వెనుక ఉన్నది చాలావరకు ఆ కృషియే.

1985లో డెల్ఫ్, డాల్ఫ్ అనే ప్రభుత్వ ధ్రువపత్రాలు ప్రారంభమైనవి. 2001లో ఐరోపా మండలి ప్రకటించిన ప్రమాణాల ప్రకారం భాషాసామర్థ్యాన్ని ఏ1, ఏ2, బి1, బి2, సి1, సి2 అను ఆరు స్థాయిలుగా విభజిస్తారు.

భాషలోని కష్టసుఖాలు

ఫ్రెంచిలో వ్రాసినదంతా పలుకరు. పదాంతంలోని హల్లులు చాలావరకు మూగవి. తెలుగు అజంత భాష, పైగా వ్రాసినట్లే పలికే భాష కావడంచేత తెలుగు విద్యార్థికి మొదట తగిలే దెబ్బ ఇదే. అయితే మరొక విషయంలో అతడు అదృష్టవంతుడు. ఆంగ్లేయునికి వింతగా తోచే పదాల కలయిక, సంధులు చదువుకున్న తెలుగువానికి వింత కాదు. "లె" అనే ఉపపదం "అమి" (మిత్రుడు) అనే మాటతో కలిసి "లమి" అవుతుంది. రాముడు + అతడు = రాముడతడు అన్నప్పుడు జరిగేదీ ఇటువంటి అచ్చు లోపమే. బహువచనంలో "లే" + "అమి" కలిసి "లేజమి" అవుతుంది. ఇది చూడడానికి మన యడాగమాన్ని తలపిస్తుంది గాని, ఇక్కడి హల్లు క్రొత్తగా వచ్చి చేరినది కాదు. లిపిలో ముందునుండే ఉండి, తర్వాతి అచ్చు తగలగానే నోరు విప్పినది.

నువ్వు, మీరు అనే భేదం ఫ్రెంచిలోనూ "త్యు", "వు" అని కలదు. పరిచయం లేనివారిని, దుకాణదారును, అధికారిని, ఉపాధ్యాయుని "వు" అనే సంబోధించాలి. కాని తెలుగు అలవాటు ఒకచోట పొరపాటుకు దారితీస్తుంది. నేటి ఫ్రెంచి కుటుంబాలలో పిల్లలు తల్లిదండ్రులను, తాతమామ్మలను సాధారణంగా "త్యు" అనే పిలుస్తారు. అది అమర్యాద కాదు, చనువు.

నామవాచకాలకు పుంలింగం, స్త్రీలింగం రెండే ఉన్నవి. బల్ల స్త్రీలింగం, పుస్తకం పుంలింగం. దీనికి తర్కం వెదకడం వృథా. మాటతోపాటే ఉపపదాన్నీ కంఠస్థం చేయడం ఒక్కటే మార్గం.

సంఖ్యలు వేరొక పరీక్ష. 70ని "అరవై-పది" అని, 80ని "నాలుగిరవైలు" అని, 90ని "నాలుగిరవైల పది" అని అంటారు. 97 అనగా "నాలుగిరవైల పదిహేడు". బెల్జియం, స్విట్జర్లాండులలో 70కి, 90కి వేరే సులభమైన మాటలున్నవి. ఫ్రాన్సులో పది అంకెల టెలిఫోను సంఖ్యను రెండేసి అంకెల జతలుగా చెబుతారు. అరవై అని వినగానే 6 వ్రాసుకున్న విదేశీయునికి వెంటనే "పదిహేను" అని వినబడితే, అది 60 కాదు 75 అని గ్రహించి కొట్టివేసి మరల వ్రాసేలోపు తర్వాతి జత దాటిపోతుంది.

భాషపై రాజ్యపు శ్రద్ధ ఈ దేశంలో ఎక్కువ. 1539నాటి విల్లెర్-కొత్రే శాసనం న్యాయవ్యవహారాలలో లాటిన్ స్థానంలో ఫ్రెంచిని నిలిపినది. 1635లో స్థాపితమైన ఫ్రెంచి అకాడమీ తన నిఘంటువు తొమ్మిదవ కూర్పును 2024లో పూర్తిచేసింది. ఈ శ్రద్ధకు మరో ముఖం కూడా ఉన్నది. బ్రెటన్, ఆక్సిటన్ వంటి ప్రాంతీయ భాషలు బడులలో దీర్ఘకాలం నిరాదరణకు గురై క్షీణించాయి. ఇవి దేశ వారసత్వంలో భాగమని రాజ్యాంగంలో చేరినది 2008లో మాత్రమే.

నిత్యజీవితం

దుకాణంలో అడుగుపెట్టగానే "బోఁజూర్" అనడం ఫ్రాన్సులో కనీస మర్యాద. ఆ మాట లేకుండా నేరుగా ధర అడిగినవానికి ముభావమైన జవాబు వస్తే, ఫ్రెంచివారు గర్విష్ఠులనుకోవడం విదేశీయులలో సాధారణం. నిజానికి అమర్యాద ఎవరివైపునుండి మొదలైనదో వారు గమనించరు.

మధ్యాహ్న భోజనం 12 నుండి 2 గంటల మధ్య జరుగుతుంది. చిన్న ఊళ్ళలో ఆ వేళ దాటితే వంటశాలలు మూసివేస్తారు. విందు భోజనంలో జున్ను ప్రధాన వంటకం తర్వాత, తీపికి ముందు వస్తుంది. హోటలులో భోజనంతోపాటు రొట్టెను, కుళాయి నీటి కూజాను ఉచితంగా ఇస్తారు. సీసా నీటికి మాత్రం డబ్బు చెల్లించాలి. వరుసక్రమం, సంభాషణలతో కూడిన ఫ్రెంచి విందు భోజనాన్ని 2010లోను, బాగెత్ రొట్టె తయారీ నైపుణ్యాన్ని 2022లోను యునెస్కో తన జాబితాలో చేర్చినది. 1993నాటి ఉత్తర్వు ప్రకారం "సాంప్రదాయిక ఫ్రెంచి రొట్టె" అనే పేరుతో అమ్మేదాన్ని ఏ దశలోనూ ఘనీభవింపజేయరాదు. శాకాహారులకు ఇబ్బంది నేటికీ ఉన్నది గాని, బడి భోజనాలలో వారానికొక శాకాహార భోజనం 2019 నుండి ప్రవేశపెట్టబడింది.

వేతనంతో కూడిన సెలవులు 1936లో రెండు వారాలతో మొదలై 1982 నాటికి ఐదు వారాలైనవి. ఆగస్టు నెలలో పారిస్‌లో అనేక దుకాణాలు మూతబడి ఉండడానికి కారణమిదే.

1905నాటి చట్టం మతాన్ని రాజ్యంనుండి వేరుచేసింది. భారతదేశంలో లౌకికత అంటే అన్ని మతాలకు సమాన ఆదరణ అని భావిస్తాము. ఫ్రాన్సులో అది రాజ్యం ఏ మతాన్నీ గుర్తించకపోవడం. ఈ తేడా తెలియక విదేశీయులు తరచు అయోమయానికి గురవుతారు. 2004నాటి చట్టం ప్రభుత్వ పాఠశాలలలో విద్యార్థులు ప్రస్ఫుటమైన మతచిహ్నాలు ధరించడాన్ని నిషేధించగా, తలపాగా విషయమై సిక్కు విద్యార్థులు కొందరు బహిష్కరణకు గురయ్యారు. 1905 చట్టం వచ్చిననాడు జర్మనీలో ఉన్న ఆల్సేస్ ప్రాంతానికి మాత్రం అది నేటికీ వర్తించదు.

వారసత్వం

విప్లవకాలంలో, 1793లో, రాజప్రాసాదమైన లూవ్ర్ ప్రజల మ్యూజియంగా తెరువబడింది. 1984 నుండి ఏటా సెప్టెంబరులో జరిగే వారసత్వ దినాలలో, మామూలుగా ప్రవేశంలేని ప్రభుత్వ భవనాలు కూడా అనేకం ప్రజలకు తెరుస్తారు. డబ్బు తక్కువగల విద్యార్థులకు ఇది మంచి అవకాశం. 2019 ఏప్రిల్ 15న అగ్నిప్రమాదంలో పైకప్పు, శిఖరం కోల్పోయిన నోత్రదామ్ చర్చి పునర్నిర్మాణం తర్వాత 2024 డిసెంబరులో తిరిగి తెరువబడింది.

నివాసం, పౌరసత్వం

2024 జనవరి 26నాటి చట్టం విదేశీయుల భాషా నిబంధనలను కఠినం చేసింది. 2026 జనవరి 1 నుండి, కొన్ని మినహాయింపులతో, బహువార్షిక నివాసపత్రానికి ఏ2, పదేళ్ళ నివాసపత్రానికి బి1, పౌరసత్వానికి బి2 స్థాయి అవసరం. ఫ్రాన్సు చరిత్ర, సంస్థలు, విలువలపై పౌర పరీక్ష కూడా అదే తేదీనుండి అమలులోకి వచ్చినది. బి2 స్థాయి అనగా ఒక వాదాన్ని విని, దానిపై తన అభిప్రాయాన్ని కారణాలతో సమర్థించగల శక్తి. రోజంతా శ్రమచేసి, చదువుకొనే తీరికలేని కార్మికులకు ఇది పెద్ద అడ్డంకి అన్న విమర్శ ఉన్నది.

తెలుగువారు, ఫ్రెంచి

తెలుగు రాష్ట్రాలలో ఇంటర్మీడియెట్ విద్యార్థులు కొందరు ఫ్రెంచిని ద్వితీయ భాషగా తీసుకుంటారు. చాలామంది మార్కులు సులభంగా వస్తాయన్న ఆశతో తీసుకొనేవారే. వ్రాతపరీక్షలో ఉత్తీర్ణులైనా చెవికి, నాలుకకు అభ్యాసం చాలనందున పారిస్ చేరాక మొదటినుండి నేర్చుకోవలసి వస్తుంది. హైదరాబాదులో అలియాన్స్ ఫ్రాన్సేజ్ శాఖ ఉన్నది. మన వాడుకలో ఉన్న రెస్టారెంటు, మెనూ, గ్యారేజి, బస్సు డిపోలోని డిపో, ఇంగ్లీషు ద్వారా వచ్చిన ఫ్రెంచి మాటలే. పారిస్‌లోని గిమే మ్యూజియంలో అమరావతి శిల్పాలను చూడవచ్చును.

యానాం 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉండెను. 1962 ఆగస్టులో అప్పగింత ఒప్పందం అమలులోకి వచ్చినపుడు, అక్కడివారికి ఆరు నెలలలోగా ఫ్రెంచి పౌరసత్వాన్ని నిలుపుకొనే వీలు కల్పించారు. అలా నిలుపుకొన్నవారికి, వారి సంతతికి, పైన చెప్పిన భాషా పరీక్షలతో పని లేదు.