గొంతుకి మార్కులు

చాలా ఏళ్ళుగా కాలేజీల్లో వక్తృత్వ పోటీలకి న్యాయనిర్ణేతగా వెళ్తున్నాను. మొన్నామధ్య అలమరా సర్దుతుంటే పాత మార్కుల కాగితాలు రెండు దొరికాయి. రెండూ ఒకే పోటీవి. రెండిటి మీదా నా చేతిరాతే. అబ్బాయి కాగితం మీద ‘ఆవేశం బాగుంది’ అని రాశాను. అమ్మాయి కాగితం మీద ‘గొంతు కాస్త తగ్గించాలి’ అని. విషయానికి ఇద్దరికీ సమానంగానే వేశాను. ‘శైలి’ అన్న గడిలో మాత్రం ఆమెకి మూడు మార్కులు తగ్గాయి.

ఆ మూడు మార్కుల వెనక పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో మగపిల్లలతో పాటు ఆడపిల్లలకీ డిగ్రీ చదువు చెప్పిన మొదటి కాలేజీ ఒహైయోలోని ఓబర్లిన్. 1837లో నలుగురు అమ్మాయిలు డిగ్రీ కోర్సులో చేరారు. అయితే వక్తృత్వ తరగతిలో అమ్మాయిలు మగపిల్లల వాదాలు వింటూ కూర్చోవాలి, తాము వాదించకూడదు. 1840లలో లూసీ స్టోన్, ఆంటొనెట్ బ్రౌన్ పట్టుబట్టి ఒక్కసారి వాదించారు. వెంటనే అభ్యంతరం లేచింది. ముందుగా లేచింది కాలేజీలోని మహిళా బోర్డు నుంచే! ఇక ఆ స్నేహితురాళ్ళు ఊరి బయట చెట్ల మధ్య, తర్వాత ఒక నల్లజాతి వృద్ధురాలి ఇంట్లో, రహస్యంగా మాట్లాడటం సాధన చేశారు.

1847లో స్నాతకోత్సవ వ్యాసం రాయడానికి లూసీని ఎన్నుకున్నారు. స్త్రీపురుషులు కలిసి కూర్చున్న సభలో ఆడపిల్ల చదవకూడదు కనక దాన్ని ఒక ప్రొఫెసర్ చదువుతాడన్నారు. అలాగైతే రాయనే రాయనంది లూసీ. రాయకుండానే పట్టా తీసుకుంది. 1883లో కాలేజీకి యాభై ఏళ్ళు నిండినప్పుడు అదే ఓబర్లిన్ ఆమెని వక్తగా పిలిచింది.

లూసీ రాతకి ఎవరూ వంక పెట్టలేదు. అవే మాటలు మగ గొంతులో వినిపిస్తే సభామర్యాద, ఆడ గొంతులో వినిపిస్తే మర్యాద తప్పడం. సభ తూచింది ప్రసంగాన్ని కాదు, మాట్లాడే మనిషిని. నేను చేసిందీ అదే కదా! విషయానికి సమానంగా వేసి గొంతు దగ్గర కోశాను. ఆనాటి నిషేధం పోయిందనుకుంటాం. అది ‘శైలి’ గడిలోకి వచ్చి కూర్చుంది. ఆ గడి నింపిన మహిళా బోర్డుని నేనే.

ఇప్పుడు ఆ గడి నింపే ముందు, ఇదే గొంతుతో అబ్బాయి మాట్లాడితే ఏం రాసేదాన్నని నన్ను నేను అడుగుకుంటున్నాను. ఆ అమ్మాయి ఎక్కడుందో తెలీదు. నా మాట విని గొంతు తగ్గించుకుని ఉండకపోతే బాగుండు.