కథ వాళ్లదే, కెమెరా వాళ్లదే

తెలుగులో మహిళా దర్శకుల చరిత్ర రాసేవాళ్లు భానుమతితో మొదలుపెట్టి, సావిత్రి మీదుగా వచ్చి విజయనిర్మల దగ్గర ఆగుతారు. 1953లో ‘చండీరాణి’ని తెలుగు, తమిళ, హిందీ భాషల్లో తీస్తూ అందులో ద్విపాత్రాభినయం కూడా చేసిన భానుమతి సాహసం చిన్నదేమీ కాదు. 1968లో ‘చిన్నారి పాపలు’కు దర్శకత్వం వహించిన సావిత్రి సంగీతాన్ని పి.లీలకు అప్పగించారు. మిగతా శాఖల్లోనూ వీలైనంతవరకు ఆడవాళ్లకే చోటిచ్చారు. యద్దనపూడి సులోచనారాణి నవలతో 1973లో ‘మీనా’ తీసిన విజయనిర్మల 40కి పైగా సినిమాలతో గిన్నిస్ పుస్తకానికెక్కారు. వీళ్లు వేసిన దారి గట్టిది. అయితే వీళ్లంతా బాక్సాఫీసు లెక్కల మధ్యే పనిచేయాల్సి వచ్చింది. సమాజాన్ని కదిలించడానికే కథ చెప్పిన మరో పాయ ఉంది. దాన్ని మన సినిమా చరిత్రకారులు పట్టించుకున్నది బహు తక్కువ.

హైదరాబాద్‌లో పుట్టిన దీపా ధన్‌రాజ్, తన మిత్రులు అభా భయ్యా, మీరా రావు, ఛాయాగ్రాహకుడు నవ్రోజ్ కాంట్రాక్టర్‌తో కలిసి 1980లో ‘యుగాంతర్’ బృందం కట్టారు. మొదట పుణెలో ఇళ్లలో పాచిపని చేసే ఆడవాళ్ల పోరాటం మీద, ఆ తర్వాత నిపాణి పొగాకు కార్మిక స్త్రీల సంఘం మీద సినిమాలు తీశారు. 1983లో హైదరాబాద్ స్త్రీవాద బృందం ‘స్త్రీశక్తి సంఘటన’తో చేయి కలిపి తీసిన తెలుగు చిత్రం ‘ఇది కథ మాత్రమేనా?’. నిడివి అరగంట లోపే. నటుల కోసం ఎక్కడా వెతకలేదు, సంఘటన సభ్యులే పాత్రలు ధరించారు.

భర్త క్రూరత్వాన్ని నేరంగా గుర్తించే 498ఎ సెక్షన్ శిక్షాస్మృతిలో చేరిందీ ఆ ఏడాదే. అప్పటిదాకా ఇంట్లో దెబ్బలు తిన్న ఆడది ఎవరికి చెప్పుకున్నా ‘సర్దుకుపోవమ్మా’ అన్న మాటే వినాలి. మన కుటుంబ చిత్రాల్లోనూ అంతే. రెండున్నర గంటలు ఏడ్చిన ఇల్లాలికి చివర్లో దక్కేది మొగుడి పశ్చాత్తాపం. ఈ చిన్న సినిమాలో నాలుగు గోడల మధ్య కుంగిపోతున్న యువతికి దొరికింది మరో స్త్రీ స్నేహం. నోరు విప్పే ధైర్యం ఆమెకు అక్కడి నుంచే వచ్చింది. నా దృష్టిలో తెలుగు తెర మీద అదొక పెద్ద మలుపు. యుగాంతర్ సినిమాలు థియేటర్లకు రాలేదు. ప్రొజెక్టరు మోసుకెళ్లి బస్తీల్లో, సంఘాల మీటింగుల్లో వేసేవారు. బొమ్మ అయిపోయాక చూసినవాళ్లు తమ గోడు చెప్పుకునేవారు. అలా కథ మొదలయ్యేది తెర ముందే.

దీపా ధన్‌రాజ్ ఆ తర్వాత పాతబస్తీ మతకలహాల మీద, కుటుంబ నియంత్రణ పేరిట స్త్రీల శరీరాల మీద జరిగిన దాష్టీకం మీద, రోహిత్ వేముల మరణానంతర ఉద్యమం మీద డాక్యుమెంటరీలు తీశారు.

కెమెరా పూర్తిగా చేతులు మారింది మాత్రం జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత మహిళా రైతులు, చాలామంది బడి ముఖం చూడనివాళ్లు, షూటింగ్, ఎడిటింగ్ నేర్చుకుని 2001లో సొంత మీడియా ట్రస్టు పెట్టుకున్నారు. 2002లో జన్యుమార్పిడి చేసిన బీటీ పత్తికి అనుమతి రాగానే వీళ్లు వరంగల్ చేలకు వెళ్లారు. విత్తు పడ్డప్పటి నుంచి పత్తి ఏరేదాకా మళ్లీ మళ్లీ అదే రైతుల దగ్గరికి పోయి చిత్రీకరించారు. కాయ ఎందుకు చిన్నదైంది, పింజ ఎంత పొడవుంది, ఏరడానికి కూలి ఎంతయింది లాంటి సంగతులు సేద్యం చేసే మనిషి అడిగితే వచ్చే జవాబు వేరు. విలేకరికి ఆ జవాబు దొరకదు. 2005లో విత్తన కంపెనీ మహికో వారి మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌లో అనుమతి పొడిగించలేదు. ఆ ఘనతంతా సినిమాకే కట్టబెట్టలేం. రైతుల ఆందోళనలూ, క్షేత్ర అధ్యయనాలూ ఉన్నాయి. కానీ నష్టపోయిన రైతు మాటను దేశదేశాలకు మోసుకెళ్లింది ఈ ఆడవాళ్లే.

ఈ తరంలో నందినీ రెడ్డి, సుధ కొంగర ప్రధాన స్రవంతిలోనే తమ ముద్ర వేస్తున్నారు. సంతోషమే. అయినా బీటీ పత్తి సినిమా గురించి గానీ, ‘ఇది కథ మాత్రమేనా?’ గురించి గానీ మన ఫిల్మ్ స్కూలు విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? యుగాంతర్ సినిమాలను ఈమధ్య డిజిటల్‌గా బాగుచేయించింది బెర్లిన్‌లోని ఆర్సెనల్ సంస్థ. ఆ పని హైదరాబాద్‌లో జరగాల్సింది. కనీసం మన కాలేజీల్లోనైనా వాటిని వేసి, బొమ్మ అయిపోయాక ఆడపిల్లల్ని మాట్లాడనివ్వాలి.