బ్రిటిషువారి సహాయశాఖయు బెజవాడ మురికివాడలును

సీతానగరము వైపునుండి బెజవాడకు వచ్చువారికి ఇంద్రకీలాద్రి పాదమున ప్రకాశము బారేజి కానవచ్చును. ఇది 1957 నాటిది. దీనికి పూర్వమున్న ఆనకట్టను 1852 మొదలు 1855 వరకు, కాటనుదొర యాలోచన ననుసరించి, కెప్టెను ఆర్ కట్టించెను. నందననామ సంవత్సరపు కరవులో, అనగా 1832-33లో, గుంటూరు మండలము పాడుపడగా ప్రజల ప్రాణములతోపాటు కుంపిణీవారి శిస్తుకూడ పోయెను. కృష్ణకు ఆనకట్ట కావలెనన్న వాదమునకు బలము నిచ్చినవానిలో ఈ శిస్తునష్ట మొకటి. పెట్టుబడి యెంత, తిరిగి వచ్చునదెంత యని లెక్కచూచియే సొమ్మిచ్చిరి. మాగాణి పండెను, డెల్టా కలకలలాడెను. అయినను దానిని దానమని యెవ్వరు ననలేదు.

ఇది జరిగిన నూటముప్పదియైదేండ్లకు ఆ దేశమునుండియే ఆ యూరికే మరల సొమ్ము వచ్చెను. 1990వ దశాబ్దమున బెజవాడ మురికివాడల బాగుచేతకై వచ్చిన యీ ధనము అప్పు కాదు, దానము. ఇచ్చినది విదేశాభివృద్ధి పరిపాలన యను బ్రిటిషు ప్రభుత్వ కార్యాలయము. కుంపిణీ లెక్క దానపు లెక్కగా నెట్లు మారెనో, నిజముగా మారెనో లేదో తెలియవలెనన్నచో ఆ కార్యాలయపు పుట్టుపూర్వోత్తరములు చూడవలెను.

1929లో బ్రిటిషు పార్లమెంటు వలసరాజ్యముల యభివృద్ధికై ఒక చట్టము చేసి, యేటికి పదిలక్షల పౌనులకు మించకుండ వ్యయము చేయుట కనుమతించెను. వలసలయందు వ్యవసాయ పరిశ్రమలు పెరిగినచో బ్రిటనులో వర్తకమును పెరుగునని ఆ చట్టమే చెప్పెను. ఆనాడు అచ్చట నిరుద్యోగము పెచ్చుపెరిగియుండెను. ఈ చట్టము ఇండియాకు వర్తింపలేదు. స్వతంత్రమైన దేశములకు సహాయమను మాట తరువాతిది. 1964లో విల్సను ప్రభుత్వము ప్రత్యేక మంత్రిత్వశాఖ నేర్పరచి బార్బరా కాసిల్‌ను మంత్రిగా నియమించెను. 1970లో హీత్ ప్రభుత్వము దానిని విదేశాంగశాఖలో కలిపెను. 1974లో లేబరువారు మరల వేరుచేసిరి. 1979లో థాచరు మరల కలిపెను. ఉమ్మడికుటుంబములో ఏరుపడుటయు కలియుటయు మనము చూచినవే. కాని వేరింటి కాపురము పిల్లల యాకలినిబట్టి గాక పెద్దల పట్టుదలనుబట్టి నిర్ణయమగుట యిచ్చట గమనింపదగినది.

ఏ గదిలో కూర్చున్నామన్నది చిన్నవిషయము కాదు. విదేశాంగశాఖ నీడనున్న కాలమున వర్తకపు చేయి సహాయపు జేబులో దూరెను. వెస్ట్‌లాండు కంపెనీ కష్టములలోనుండగా 1980వ దశాబ్దమధ్యమున ఆ కంపెనీ హెలికాప్టరులు 21 ఇండియాకు ఆరున్నరకోట్ల పౌనుల సహాయధనముతో అంటగట్టబడెను. ప్రమాదములు జరిగెను, కొలది యేండ్లకే అవి నేలకు దిగి మరల లేవలేదు. ఆ సొమ్ము ఇండియాకు చేసిన దానముక్రింద లెక్కలోనికెక్కెను! మలేషియాలోని పెర్గావు ఆనకట్టకిచ్చిన సహాయము ఆయుధముల బేరముతో ముడిపడినదని బయటపడగా, 1994లో లండను హైకోర్టు ఆ సహాయము చట్టవిరుద్ధమని తీర్పుచెప్పెను. 1997లో లేబరువారు క్లేర్ షార్ట్‌ను మంత్రిగా జేసి సహాయశాఖను మరల వేరుచేయుటకు ఈ యపకీర్తియు నొక కారణము. 2002 నాటి చట్టము దారిద్ర్యనివారణమే సహాయమునకు లక్ష్యముగా నుండవలెనని నిర్దేశించెను. ఆంధ్రప్రదేశము ఆ శాఖవారు ప్రత్యేకముగా నెన్నుకొన్న రాష్ట్రములలో నొకటి.

ఇక బెజవాడ మాట. హైదరాబాదు, విశాఖపట్టణములలో మొదలైన మురికివాడల బాగుచేత 1990 ప్రాంతమున ఈ నగరమునకు వచ్చెను. (ఈ 'మురికివాడ' యను మాట నాకు నచ్చదు, ఊరి మురికిని ఎత్తిపోయువారి వాడకు ఊరు పెట్టిన పేరది.) కాలువగట్లమీదను కొండవాలులయందును కాపురముండు కూలీలు, రిక్షావారు, పాచిపనివారు నగరమునకు కావలసినవారే, వారి యిండ్లు మాత్రము నగరమునకు పట్టలేదు. సందులకు బాటలు, మురుగుకాలువలు, నీటికుళాయిలు, మరుగుదొడ్లు, వీధిదీపములు, సమావేశమందిరములు ఈ పథకమువలన నేర్పడెను. వీనికితోడు ఆరోగ్యము, బాలవాడి, స్త్రీలకు పనులు నేర్పుట యను కార్యక్రమములుండెను. వానకాలమున మోకాలిలోతు బురదలో నడచు పిల్లలకు గట్టిబాట యెంత మేలో లెక్కలతో చెప్పనక్కరలేదు. రాత్రివేళ వీధిదీప మొక్కటి వెలిగిన స్త్రీలకెంత ధైర్యమో ఆ సందులలో నడచినవారికి తెలియును.

అయినను దానపు సొమ్ము కట్టుటకే గాని కాపాడుటకు కాదు. కుళాయి పగిలినచో బాగుచేయవలసినది నగరపాలక సంస్థ. కాలువ పూడినచో తీయవలసినదియు నదియే. వాడలోని చిన్నకాలువ వాడదాటిన పిదప కలియవలసిన పెద్దకాలువ సరిగా లేనిచో చిన్నకాలువ నీటికుంటయగును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగునగరు మునిగినపుడు, నీరు పోవుదారి ఒక వాడకు సంబంధించినది కాదనియు, నగరమంతటి పూచీ యనియు తేటతెల్లమయ్యెను. పరాయిదేశపు పన్నుదారుడు మన సందులో దీపము పెట్టవలసివచ్చుటకు ముందు, ఇంటిపన్ను వసూలుచేయుచున్న మనసంస్థ యేమిచేయుచుండెనని యడుగుట న్యాయము. ఆ ప్రశ్నను ఆనాడు అడిగినవారు తక్కువ; దీపము వెలుగుచుండెను గదా.

2012 నవంబరులో బ్రిటిషు మంత్రి జస్టిన్ గ్రీనింగు ఇండియాకు క్రొత్త ధనసహాయ మీయమనియు, నడుచుచున్నవి 2015నాటికి ముగియుననియు ప్రకటించెను. ఆ 2015లోనే జాతీయాదాయమున నూటికి 0.7 వంతు విదేశసహాయమున కీయవలెనని వారి పార్లమెంటు చట్టము చేసెను. అయిదేండ్లకు, 2020 సెప్టెంబరులో, ఆ శాఖయే రద్దయి విదేశాంగశాఖలో లీనమయ్యెను. మరునాటియేట 0.7 కాస్త 0.5 అయ్యెను. 2027నాటికి దానిని 0.3కు దింపెదమని 2025లో ప్రకటించిరి. సహాయశాఖ పెరిగినపుడుగాని తరిగినపుడుగాని మన బీదలనడిగి చేసినది కాదు.

మనమును పుచ్చుకొన్నవారము మాత్రమే కాము. కాసిల్ మంత్రియైన 1964లోనే ఇండియా తన సాంకేతిక సహకార కార్యక్రమము నారంభించి, ఆసియా ఆఫ్రికా దేశములవారికి మన విద్యాసంస్థలలో శిక్షణ నిచ్చుచు వచ్చెను. 2012 జనవరిలో ఇట్టి పనులన్నిటికి అభివృద్ధి భాగస్వామ్య పరిపాలన యను కార్యాలయ మేర్పడెను. దానిని వేరుశాఖగా నుంచలేదు; విదేశాంగమంత్రిత్వశాఖ లోపలనే, దాని మేడ నీడలోనే, నెలకొల్పిరి.