చూసుడెక్కడిది, ఇన్నుడే!

ఈ మధ్య ఒక ఆదివారం మధ్యాహ్నం స్నేహితురాలు ఒకామె నా సెల్‌ఫోన్‌కి పాత దూరదర్శన్ సంగీతం పంపింది. గుండ్రటి గుర్తు తిరిగి తిరిగి కుదురుకునేటప్పుడు వినిపించే ఆ బాణీ పండిట్ రవిశంకర్, ఉస్తాద్ అలీ అహ్మద్ హుస్సేన్ ఖాన్ కూర్చినది. అది వినగానే నేను మెదక్ జిల్లాలోని మా ఇంట్లో, చాప మీద, ముందు వరసలో పదేళ్ల పిల్లనై కూర్చున్నాను. కళ్లు చెమర్చాయి. పక్కన చిక్కుడుకాయలు తుంచుతున్న అమ్మ తల కూడా ఎత్తకుండా "ఎసరు పెట్టే యాళ్లయింది" అంది.

ఇద్దరం నవ్వుకున్నాం. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. ఒకే సంగీతం నన్ను టీవీ ముందుకు, అమ్మను పొయ్యి దగ్గరికి తీసుకుపోయింది.

మన తరం వాళ్లం దూరదర్శన్ గురించి ఎంతో ఇష్టంగా రాసుకుంటాం. 1959లో ఢిల్లీలో మొదలైన టీవీ 1977లో హైదరాబాదుకు వచ్చింది. 1982లో రంగులు అద్దుకుంది. 1984లో 'హమ్ లోగ్', 1987లో 'రామాయణ్' వచ్చాయి. వీధంతా ఒకే ఇంట్లో చేరేదని, అందరం కలిసి చూశామని, ఆ రోజులే వేరని అంటాం. ఆ 'అందరం'లో ఎవరెవరున్నారు?

మా ఇంట్లో తలుపులు మూసే చెక్కపెట్టె టీవీ, నలుపు తెలుపుది. శుక్రవారం వస్తే చిత్రలహరి. అరగంట తెలుగు సినిమా పాటలు. చీకటి పడక ముందే పిల్లలు చాప మీద చేరేవారు. బాపు పడక కుర్చీలో, ఆయన స్నేహితులు మంచం మీద. శుక్రవారమే అమ్మకు పని ఎక్కువ. తెల్లారే అలుకు చల్లడం, తలస్నానాలు, పూజ, సాయంత్రం దీపం, వచ్చినవాళ్లందరికీ చాయ్, ఆ మీద రాత్రి వంట. చిత్రలహరి గురించి నీకేం గుర్తుందమ్మా అని ఆ ఆదివారం అడిగాను.

"చూసుడెక్కడిది బిడ్డా, ఇన్నుడే. వంటింట్లకు పాట వస్తుండె. ఇది సుశీల, ఇది జానకి అనుకుంట రొట్టె కొట్టేదాన్ని."

ఆమెకు వందల పాటలు వచ్చు. వాటిలో చాలావాటికి బొమ్మ లేదు. ఫోన్‌లో ఒక పాట చూపిస్తే ఆశ్చర్యపోయింది. "ఇది పడవలనా? నేను చెరువు కట్ట మీదనుకున్న." ఇన్నేళ్లూ ఆ పాటను తన ఊరి చెరువు కట్ట మీదే నడిపించింది అమ్మ. ఆమె కోల్పోయినదాన్ని తక్కువ చేయడానికి ఈ మాట చెప్పడం లేదు. చూడనివ్వని చోట కూడా ఆమె తనకంటూ ఒకటి కట్టుకుందని చెబుతున్నాను.

టీవీతో ఆమె మొదటి పరిచయం ఇంకా ముందుది. 1975 ఆగస్టు నుంచి 1976 జులై దాకా ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో 'సైట్' ప్రయోగం జరిగింది. ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2400 పల్లెలకు ఊరుమ్మడి టీవీలు ఇచ్చారు. కోళ్ల గూటికి వాడే వలలాంటి జాలీతో చేసిన పెద్ద గొడుగు యాంటెన్నాలు పెట్టారు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ గురించి తెలుగులో కూడా కార్యక్రమాలు వచ్చేవి. అమ్మ పుట్టింటికి దగ్గరున్న బడిలో అలాంటి టీవీ ఒకటుండేది. "మొగోళ్లు ముందట కూసుండిరి. మేం గోడెంబడి నిలబడ్డం. పిల్ల ఏడ్చిందని వచ్చేసిన" అంది. పిల్లల ఆరోగ్యం గురించి చెప్పే టీవీ దగ్గరి నుంచి పిల్ల ఏడ్చిందని లేచి రావలసి వచ్చింది ఆమెకు!

స్త్రీల గురించి టీవీ ఏం చూపించిందన్న చర్చ మనకు కొత్త కాదు. దూరదర్శన్ కార్యక్రమాల మీద 1982లో వేసిన పి.సి. జోషి కమిటీ స్త్రీలను మూస పాత్రల్లో చూపడాన్ని విమర్శించింది. 1990ల మొదట్లో పూర్ణిమా మాంకేకర్ ఢిల్లీ ఇళ్లలో స్త్రీలతో కూర్చుని టీవీ చూసి, వాళ్లు ఆ కథలను తమ బతుకులతో ఎలా ముడివేసుకుంటారో, ఎక్కడ తగువు పడతారో రాసింది. అంటే చూసేవాళ్లు ఖాళీ పాత్రలు కారని మనకు తెలుసు. చూడడానికి కూర్చోలేనివాళ్ల సంగతే ఇంకా పెద్దగా రాసుకోలేదు.

నేను మాత్రం చూశాను. 1989లో 'ఉడాన్' వచ్చింది. రాసి, తీసి, కల్యాణిగా నటించింది కవితా చౌధరి. పోలీసు అధికారిణి అయిన తన అక్క కాంచన్ చౌధరి భట్టాచార్య జీవితమే ఆ కథకు ఆధారం. ఆ అక్కే 2004లో ఉత్తరాఖండ్‌లో దేశంలోనే తొలి మహిళా డీజీపీ అయింది. సర్ఫ్ ప్రకటనలో లెక్కలు చూసుకుని కొనే లలితాజీ కూడా కవితే. 2024 ఫిబ్రవరిలో ఆమె చనిపోయిందని తెలిసినప్పుడు సొంత మనిషి పోయినట్టే అనిపించింది. నాకు హిందీ సగమే అర్థమయ్యేది. అయినా ఆడపిల్ల యూనిఫాం వేసుకుని నడిస్తే ఎట్లా ఉంటుందో మొదటిసారి చూశాను. నేను పట్నంలో చదువుకుంటానని మొండికేయడంలో కల్యాణి పాత్ర కొంత ఉంది. అయితే నేను టీవీ ముందు కదలకుండా కూర్చోగలగడానికి అమ్మ లోపల నిలబడి ఉండడం కూడా ఒక కారణమే.

అమ్మ వంటింట్లోనన్నా ఉంది. మా ఇంట్లో అంట్లు తోమే అవ్వకు ఆ గడప కూడా లేదు. ఆమె మనవరాలు నా ఈడుదే. మాదిగవాడ నుంచి వచ్చి వీధి వైపు కిటికీ ఊచలు పట్టుకుని చిత్రలహరి చూసేది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. ఒక శుక్రవారం వాన జల్లు టీవీ మీద పడుతోందని లేచి కిటికీ తలుపు వేసింది నేనే.

కిందటేడు ఊళ్లో ఆమె కనిపించింది. ఇప్పుడు టీచరు. పాత పాటల మాట వచ్చినప్పుడు నేనే ఆ సంగతి ఎత్తాను. ఆమె కొంచెంసేపు ఊరుకుంది. "నాకు పాటలకన్నా మీ కిటికీ ఊచలే బాగా యాదికున్నయి. తలుపేసినంక కూడ పాట అయిపోయేదాక గోడకు చెవి పెట్టి ఇన్న" అంది. నేను క్షమించమని అడిగాను. "ఇప్పుడడిగితే ఏమొస్తది, రాయి" అంది.

అందుకే రాస్తున్నాను. 1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'ను తెచ్చినప్పుడు, పోరాటంలో ఉన్న స్త్రీల నోటి మాటే ఆధారమైంది. చిత్రలహరి అంత పెద్ద చరిత్ర కాదు. కానీ వారానికి అరగంట తీరిక ఎవరిది, ఎవరి చెమట మీద అది దొరికింది, ఎవరికి తలుపు పడింది అన్నవి చిన్న ప్రశ్నలు కావు. నా చిన్నతనం తీపిని నేను వదులుకోలేను. చాప మీది జాగా నాకెట్లా వచ్చిందో చెప్పకుండా దాన్ని ఇక ఒంటరిగా చెప్పలేను కూడా.

మీ ఇళ్లలోనూ అడగండి. ఏం చూశారని కాకుండా, ఆ పాట వస్తున్నప్పుడు ఎక్కడ ఉన్నారని అడగండి.