కుదిరిన రేటు, తిరగదోడిన రేటు

2019 జులై 1న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 63తో పవన, సౌర విద్యుత్ కొనుగోలు ఒప్పందాల సమీక్షకు కమిటీ వేసినప్పుడు, కనీవినీ ఎరుగని పని జరిగినట్టు దేశమంతా మాట్లాడింది. నిజానికి ఇదే రగడ అంతకు పదిహేనేళ్ల ముందు ఈ రాష్ట్రంలోనే ఒకసారి నడిచింది, సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అప్పుడు ప్రైవేటు ఉత్పత్తిదారుల మాట ప్రధానంగా వీగిపోయింది. రెండోసారి ప్రభుత్వం మాట వీగిపోయింది. దీన్ని న్యాయస్థానాల చపలచిత్తతగా చూడడం తేలికే కానీ, అది సరికాదు. ప్రైవేటు ప్లాంటు రేటును నియంత్రించే అధికారం రాజ్యానికి ఉందన్నది రెండుసార్లూ తేలిన సంగతే. తేడా అంతా ఆ అధికారాన్ని ఏ దశలో, ఎవరి చేతుల మీదుగా వాడారన్న దాంట్లో ఉంది.

మొదటి కథ 1990ల నాటిది. విద్యుత్ బోర్డు కరెంటు కొరతతో సతమతమవుతున్న రోజుల్లో చెరకు పిప్పి, వ్యవసాయ వ్యర్థాలు, కాలువల మీది చిన్న జల విద్యుత్ ప్లాంట్లకు ప్రభుత్వమే ఎదురేగి స్వాగతం పలికింది. 1997లో జీవో 93 ఇచ్చింది, మరుసటి ఏడాది జీవో 112తో దాన్ని సవరించింది. యూనిట్‌కు రూ. 2.25, ఏటా 5 శాతం పెంపు. అయితే 2000 తర్వాత కొనుగోలు ధరను విద్యుత్ నియంత్రణ మండలి నిర్ణయిస్తుందని కూడా అందులోనే రాసి ఉంది. పెట్టుబడి పెట్టేవాళ్లలో ఎందరు ఆ వాక్యం దగ్గర ఆగి ఆలోచించారో గానీ, తర్వాతి కథంతా దాని చుట్టూనే తిరిగింది. 1999లో బోర్డు చీలి జెన్‌కో, ట్రాన్స్‌కోలయ్యాయి, నియంత్రణ మండలీ వచ్చింది. ఆ కరెంటును ట్రాన్స్‌కోకే అమ్మాలని 2001 జూన్‌లో మండలి ఆదేశించింది. 2004 మార్చిలో రేటును కొత్త లెక్కతో నిర్ణయించింది. ప్రోత్సాహకాలు చూపించి పిలిచి మాట తప్పారని ఉత్పత్తిదారులు పోరాడారు. 2006లో విద్యుత్ అప్పిలేట్ ట్రిబ్యునల్ వాళ్ల పక్షాన నిలిచింది. 2010 జులైలో సుప్రీంకోర్టు మాత్రం ఆ తీర్పును తోసిపుచ్చి, ధర నిర్ణయించే అధికారం మండలికి ఉందని చెప్పి, విషయాన్ని మళ్లీ దాని ముందుకే పంపింది. ఒప్పందాల మీద ఉత్పత్తిదారులు ఇష్టపూర్వకంగానే సంతకాలు చేశారన్నది ఆ తీర్పులో ముఖ్యమైన అంశం.

రెండో కథలో ఆ మండలే ముందుండి రేటు కట్టింది. అనంతపురం, కర్నూలు గుట్టల మీద గాలిమరలు బారులు తీరిన కాలంలో పవన విద్యుత్‌కు యూనిట్‌కు రూ. 4.84 దాకా నిర్ణయించింది. ఆ రేటు మీద పాతికేళ్ల ఒప్పందాలు కుదిరాయి, బ్యాంకులు అప్పులిచ్చాయి. 2017లో వేలంపాటలు మార్కెట్‌ను తలకిందులు చేశాయి. ఏప్రిల్‌లో కడప సోలార్ పార్కులో రూ. 3.15, మే నెలలో రాజస్థాన్‌లోని భడ్లాలో రూ. 2.44, డిసెంబరులో గుజరాత్ పవన విద్యుత్ వేలంలో రూ. 2.43 పలికాయి. 2019 జులైలో పంపిణీ సంస్థలైన డిస్కమ్‌లు పాత ఒప్పందాల వాళ్లను అడిగింది ఈ అట్టడుగు ధరలే: గాలికి 2.43, సౌరానికి 2.44. సెప్టెంబరులో హైకోర్టు సింగిల్ జడ్జి జీవో 63ను కొట్టేస్తూనే, మండలి తేల్చేదాకా ఆ రేట్లే చెల్లించమన్నారు. జీవో పోయింది, జీవో కోరిన ధర మిగిలింది! 2022 మార్చి 15న డివిజన్ బెంచ్ దాన్ని సరిదిద్ది, ఒప్పందంలోని రేటు ప్రకారమే బకాయిలు కట్టాలని ఆదేశించింది.

బయట సగం ధరకు దొరుకుతుంటే జనం ఎందుకు ఎక్కువ కట్టాలన్నది బలమైన ప్రశ్నే. డిస్కమ్‌ల నష్టం చివరికి వినియోగదారుడి బిల్లులోకో, ప్రభుత్వ ఖజానా మీదికో చేరుతుంది. కానీ 2015లో కొన్న యంత్రానికి 2017 వేలం ధర కట్టడం లెక్కకు నిలవదు. ఎండలు మండే భడ్లాలో, సిద్ధం చేసిన పార్కులో పలికిన రేటు రాయలసీమ గుట్టకు కొలబద్ద కూడా కాదు. పోటీ లేకుండా ఎక్కువ రేటు కట్టబెట్టారన్న అనుమానం ఇంకా గట్టిది. ఆ తప్పు జరిగి ఉంటే దాన్ని ఒక్కో ఒప్పందంలో ఆధారాలతో నిరూపించాలి. అవినీతి రుజువైతే తప్ప ఒప్పందాలు తిరగదోడవద్దని అప్పట్లో కేంద్రం రాసిన లేఖల సారాంశం కూడా ఇదే. మరి వినియోగదారుడికి దారే లేదా అంటే, ఉంది: కొత్త ప్లాంట్లకు మండలి రేటు తగ్గించవచ్చు, వేలానికి మళ్లవచ్చు. 1998లో ప్రభుత్వం ఇంకో దారి కూడా చూపింది, ధర మారే తేదీని ముందే కాగితం మీద పెట్టింది. ఆ జాగ్రత్తే 2010లో ట్రాన్స్‌కోకు అక్కరకొచ్చింది. పాతికేళ్లకు ఒకే రేటు రాసుకున్న పవన విద్యుత్ ఒప్పందాల్లో డిస్కమ్‌లకు అలాంటి పట్టు దొరకలేదు.