మా ఫోటో అంగడికి రెండు పుస్తకాలు

మా ఇంట్లో ఫోటో అంగడి మాట వస్తే అందరం తాత పేరే చెబుతాం. ఫోటో పనిలో ఓనమాలు రాని మనిషి 1958లో బళ్ళారిలో ఒక పాత చెక్క కెమెరా కొని అంగడి పెట్టాడు, 21 ఏళ్ళు నడిపాడు అని. ఈ కథ మాకు తాత లెక్కల పుస్తకం నుంచి వచ్చింది. అది కన్నడలో ఉంది. మేమూ, చిన్నాన్న పిల్లలూ, అత్త పిల్లలూ అందరం కన్నడ మీడియంలో చదివినవాళ్ళమే కాబట్టి అది సులువుగానే చదివేశాం.

అదే ట్రంకు పెట్టెలో ఇంకో పుస్తకం ఉంది. అది అవ్వది, తెలుగులో రాసింది. మా ఇళ్ళలో తెలుగు మాట్లాడటమే గానీ చదవడం ఎవరికీ నేర్పలేదు. ఈమధ్య అక్షరాలు నేర్చుకున్నాం. రెండు లిపులూ అక్కచెల్లెళ్ళే అయినా క, త, శ దగ్గర ఆగి ఆగి, ఆ పుస్తకం పూర్తి చేయడానికి ఒక ఎండాకాలం పట్టింది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే అంగడి మొదలైన కథ వేరేగా కనిపిస్తుంది. దాన్ని ఇక్కడ రాసి పెడుతున్నాం.

తెరలు రాసే మనిషి

బళ్ళారి అంటే ఒకప్పుడు నాటకాల ఊరు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు, కోలాచలం శ్రీనివాసరావు ఇక్కడే ఉండి తెలుగు నాటకాలు రాశారు, సభలు నడిపారు. బళ్ళారి రాఘవ సంగతి చెప్పనక్కరలేదు. ఆయన 1946లో పోయారు. అప్పటికే సినిమా వచ్చి నాటకాలకు జనం తగ్గడం మొదలైంది. మా తాత పని నాటకాలకు తెరలు రాయడం. రాజమహలు, అడవి, వీధి, కైలాసం, ఏది కావాలంటే అది రాసేవాడు. నాటకం తగ్గితే తెర ఎవరికి కావాలి?

ఇంకో మార్పు కూడా అప్పుడే వచ్చింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్ళారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయాయి. మా బంధువులు సగం అటు, సగం ఇటు అయ్యారు. తాత తెరలు రాసి ఇచ్చే ఊళ్ళు కూడా రెండు రాష్ట్రాల్లో పడ్డాయి. తాత కష్టపడి కన్నడ రాయడం నేర్చుకున్నాడు. లెక్కల పుస్తకం కన్నడలో ఉండటానికి కారణం అదే.

తెర రాసే మనిషి ఫోటో పనిలోకి రావడం వింతేమీ కాదు. ఆ రోజుల్లో స్టూడియోలో మనిషి వెనక స్తంభాలో, పూలతోటో రాసిన తెర ఉండాల్సిందే. తాత అలాంటివి వేరే స్టూడియోలకు రాసిచ్చాడు. మనమే ఒకటి పెడితే ఏం అనుకున్నాడు. గుంతకల్లులో ఒక రైల్వే ఆయన దగ్గర పాత హాఫ్ ప్లేట్ కెమెరా కొన్నాడు. బజారు వీధిలో ఉత్తరం వైపు కిటికీలున్న ఒక గది బాడుగకు తీసుకున్నాడు. నేరుగా ఎండ పడకుండా రోజంతా ఒకేలా వెలుతురు ఇచ్చేది ఉత్తరపు కిటికీయే.

మొదటి లెక్కలు

కొత్తగా ఫోటో పని మొదలుపెట్టేవాళ్ళు ఇప్పుడైనా అప్పుడైనా కెమెరా ధరే చూస్తారు. తాత పుస్తకంలో కెమెరా ఖర్చు ఒక్కసారే ఉంది. బాడుగ, ప్లేట్లు, కాగితం, మందులు మాత్రం ప్రతి పేజీలో ఉన్నాయి. పైగా ఆయన మొదలుపెట్టిన కాలం మంచిది కాదు. 1957 తర్వాత విదేశీ మారక ద్రవ్యం కొరత వల్ల ప్రభుత్వం దిగుమతులు బిగించింది. ప్లేట్లు, కాగితం ఎక్కువగా బయటి దేశాలవే. ఊటీలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ కంపెనీ 1960లో పెట్టినా, ‘ఇందు’ పేరుతో సరుకు తయారవడం 1967లో గానీ మొదలు కాలేదు. అందుకే తాత ఒక హాఫ్ ప్లేటును సగం మూసి సగం తెరిచి, దాని మీదే రెండు ఫోటోలు తీసేవాడు.

మొదటి మూడు నెలల్లో 41 మంది ఫోటో దిగారు. అందులో 17 మంది ప్రింటు తీసుకోవడానికి మళ్ళీ రాలేదు. నాలుగో నెల నుంచి సగం డబ్బు ముందే అని రాసుకున్నాడు. అంగడి నిలబడటానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ బాడుగ కట్టింది తెరలు రాసిన డబ్బే.

లాలా దీన్ దయాళ్ కథ తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. రూర్కీలో చదివి, ఇందోరులో పి.డబ్ల్యు.డి. ఉద్యోగం చేస్తూ ఫోటోలు నేర్చుకున్నాడాయన. పని నిలదొక్కుకున్నాకనే ఉద్యోగం వదిలాడు. తర్వాత సికింద్రాబాదులో స్టూడియో పెట్టి, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫరు అయ్యాడు. అంత పెద్దాయనకూ మొదట అన్నం పెట్టింది జీతమే.

వంటింటి నీళ్ళు

తాత పుస్తకంలో లేనిది ఒకటుంది. తీసిన ప్లేటు ఫోటోగా మారేది ఎక్కడ? డార్క్ రూమ్ అంగడిలో లేదు, మా ఇంటి వెనక గదిలో ఉంది. అక్కడ పని చేసింది అవ్వ.

అవ్వ పుస్తకం మొదటి పేజీల్లో పాడైన ప్లేట్ల పట్టీ ఉంది. తేదీ, ఏం జరిగింది, ఎందుకు జరిగింది, తర్వాత ఏం మార్చింది, అన్నీ వరసగా ఉన్నాయి. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసే మాకు ఆ పట్టీ చూడగానే అర్థమైంది. మేము రోజూ ఆఫీసులో రాసేది అదే.

ఎక్కువ ప్లేట్లు పాడైంది ఎండాకాలంలో. డెవలపర్ నీళ్ళు 20 డిగ్రీల దగ్గర ఉండాలి. మా ఊళ్ళో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 దాటుతుంది. నీళ్ళు వేడిగా ఉంటే ప్లేటు మీది జిలెటిన్ మెత్తబడి, ఉబ్బి, అంచుల దగ్గర గాజు నుంచి ఊడి వస్తుంది. ఎవరి మొహమో ముడతలు పడి తొట్టిలో తేలుతుంది. అవ్వ రెండు మార్పులు చేసింది. పని తెల్లవారుజాము నాలుగు గంటలకు మార్చింది, రాత్రంతా మట్టి కుండల్లో చల్లారిన నీళ్ళు వాడింది. డెవలపర్ నుంచి తీసిన ప్లేటును హైపోలో వేసేముందు పటిక నీళ్ళలో ముంచింది. పటిక జిలెటిన్‌ను గట్టి పరుస్తుంది. ఆ తర్వాతి ఎండాకాలం పట్టీలో ఊడిపోయిన ప్లేట్లు రెండే.

కాగితం దండగ కాకుండా చిన్న ముక్క కోసి, దాని మీద రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది లెక్కపెడుతూ మెట్లు మెట్లుగా వెలుతురు తగలనిచ్చి, ఏ మెట్టు బాగుందో చూసి అప్పుడు అసలు ప్రింటు వేసేది. హైపో పూర్తిగా పోకపోతే ఫోటో కొన్నేళ్ళకు పసుపు పచ్చగా అవుతుంది. అందుకని ఒక్కో విడతకు ఎన్ని బిందెల నీళ్ళు మార్చిందో కూడా రాసి పెట్టింది. ఆ నీళ్ళన్నీ బావి నుంచి తోడినవి. మా ఇళ్ళలో గోడల మీదున్న ఆనాటి ఫోటోలు ఈ రోజుకీ తెల్లగా ఉన్నాయంటే ఆ బిందెల వల్లే.

ఆడవాళ్ళ ఫోటోలు

తాత లెక్కల్లో 1961 నుంచి ఆడవాళ్ళ ఫోటోలు ఒక్కసారిగా పెరిగాయి. ఎందుకో ఆయన రాయలేదు, అవ్వ రాసింది. పెళ్ళి సంబంధాలకు ఆడపిల్ల ఫోటో అడగడం అప్పుడే అలవాటవుతోంది. బయటి మగవాడి ఎదుట కూర్చోబెట్టడానికి చాలా ఇళ్ళలో ఒప్పుకోరు. ఘోషా పాటించే ఇళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. అవ్వ నల్లగుడ్డ కింద తల పెట్టి, అద్దం మీద తలకిందులుగా కనిపించే బొమ్మను సరిచేయడం నేర్చుకుంది. మంగళవారం, శుక్రవారం మధ్యాహ్నాలు తలుపు వేసి ఆడవాళ్ళకు తనే ఫోటోలు తీసింది. అంగడికి లాభం వచ్చింది అక్కడ్నించే.

దీన్ దయాళ్ కూడా 1892లో హైదరాబాదులో జనానా స్టూడియో పెట్టాడు. ఘోషా స్త్రీల కోసం పెట్టిన ఆ స్టూడియోను నడిపింది ఒక ఆంగ్ల మహిళ. ఊరు పెద్దదైనా చిన్నదైనా అవసరం ఒకటే.

పేరు ఎవరిది

మన దేశపు మొదటి మహిళా ఫోటో జర్నలిస్టు హోమాయ్ వ్యారావాలా మొదట్లో తీసిన ఫోటోలు పత్రికల్లో ఆమె భర్త పేరుతో అచ్చయ్యాయి. మా అంగడి ఫోటోల వెనక ముద్ర కూడా తాత పేరుతోనే ఉంది. ఆ ముద్ర వేసిన చెయ్యి మాత్రం అవ్వదే.

దీనివల్ల నష్టం పేరుతో పోలేదు. 1979లో తాత పోయినప్పుడు బాడుగ పత్రం, లైసెన్సు రెండూ ఆయన పేరు మీదే ఉన్నాయి. దగ్గరి బంధువు ఒకరు అవి తన పేరుకు మార్పించుకుని, కెమెరా, తెరలతో సహా అంగడి తీసుకున్నారు. అవ్వ ఈ పనిలో ఉందని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. ఆమెకు దక్కింది ట్రంకు పెట్టె. తర్వాత వేరే స్టూడియోల నెగటివ్‌ల మీద పెన్సిలుతో మచ్చలు సరిదిద్దే పని ఇంటి దగ్గరే చేసింది. కలర్ ఫోటోలు వచ్చాక ఆ పని కూడా పోయింది.

ఇంటి వ్యాపారం మొదలుపెట్టే పిల్లలు ఇప్పుడు కూడా మా కుటుంబంలో ఉన్నారు. ఒక జంట బెంగళూరులో పెళ్ళి ఫోటోల పని చేస్తోంది. ఆయన తీస్తాడు, ఆమె ఎడిటింగ్, ఆల్బం, బేరం అన్నీ చూస్తుంది. కెమెరా ఏది కొనాలో మేము చెప్పలేం. కానీ కరెంటు ఖాతాలో, జి.ఎస్.టి. కాగితాల్లో, ఆల్బం మీద ఇద్దరి పేర్లూ ఉండాలని మాత్రం గట్టిగా చెప్పాం. పోయిన నెల ఇద్దరి పేరుతో భాగస్వామ్య పత్రం రాయించుకున్నారు.

ట్రంకులో 63 కవర్లు మిగిలాయి. సగం డబ్బు కట్టి, మళ్ళీ రానివాళ్ళ ప్రింట్లు అవి. తాత పుస్తకంలో వాటి ఎదురుగా ‘బాకీ’ అని ఉంది. అవ్వ పుస్తకంలో మనిషి ఎవరు, ఏ వీధి, పక్కనున్న బిడ్డ ఎవరు అని ఉంది. ఆ పేజీలు పట్టుకుని ఇప్పటికి నాలుగు ఇళ్ళు వెతికి పట్టుకున్నాం. ఒక ఇంట్లో అయితే ఆ ముసలామె ఫోటో వాళ్ళ దగ్గర ఇంకొకటి లేదు. మిగతా 59 కవర్ల కోసం వచ్చే దసరా సెలవుల్లో మళ్ళీ బళ్ళారి పోతున్నాం.