రైఫిల్ స్కోప్ మౌంటు

రైఫిల్ స్కోప్ మౌంటు అనగా గురి చూడడానికి వాడే దుర్భిణిని రైఫిల్‌పై కదలకుండా నిలిపి ఉంచే లోహపు అమరిక. ఈ దుర్భిణినే స్కోప్ అంటారు. మౌంటులో సాధారణంగా రెండు భాగాలుంటాయి. రైఫిల్ పైభాగానికి మరలతో బిగించే భాగాన్ని పీఠం అంటారు. పీఠంపై నిలిచి స్కోప్ గొట్టాన్ని చుట్టి పట్టుకునేవి రింగులు. కొన్ని మౌంటులలో ఈ రెండూ ఒకే ముక్కగా ఉంటాయి.

ప్రాముఖ్యత

స్కోప్ ఎంత నాణ్యమైనదైనా మౌంటు సరిగా లేకపోతే గురి నిలవదు. రెండు రింగుల మధ్య దూరం 100 మిల్లీమీటర్లు అనుకుందాం. గురి సరిచేసిన తరువాత వాటిలో ఒకటి 0.1 మి.మీ., అనగా ఒక కాగితం మందమంత, పక్కకు జరిగితే స్కోప్ దిశ వెయ్యింట ఒక వంతు మారుతుంది. దీనివలన తూటా 100 మీటర్ల వద్ద 10 సెం.మీ., 300 మీటర్ల వద్ద 30 సెం.మీ. తప్పుతుంది. లక్ష్యఫలకంపై ఇది కొన్ని మార్కుల నష్టం మాత్రమే. వేటను చట్టం అనుమతించే దేశాలలో మాత్రం జంతువు వెంటనే చనిపోక గాయంతో పారిపోవడానికి ఇదొక కారణమవుతుంది.

చరిత్ర

మౌంటును ఎక్కడ పెట్టాలన్నది ఆ రైఫిల్‌లో తూటాలు ఎలా నింపుతారు, ఖాళీ గుల్లలు ఎటు పడతాయి అన్న దానిపై ఆధారపడుతుంది. రెండవ ప్రపంచ యుద్ధ కాలపు రైఫిళ్ళు ఇందుకు మంచి ఉదాహరణలు.

* అమెరికా సైన్యపు ఎం1 గరాండ్ రైఫిల్‌లో ఎనిమిది తూటాల క్లిప్పును పైనుండి దించుతారు. ఖాళీ క్లిప్పు కూడా పైకే ఎగురుతుంది. కావున 1944లో వచ్చిన ఎం1సి రకంలో స్కోప్‌ను ఎడమ పక్కకు జరిపి బిగించారు. చెంపను కూడా అటు జరపడానికి మడమపై తోలు మెత్తను కట్టారు.
* రష్యా మోసిన్-నాగంత్ రైఫిల్ బోల్టు పిడి తిన్నగా ఉండేది. అది స్కోప్‌కు తగలకుండా స్నైపర్ రైఫిళ్ళలో పిడిని పొడిగించి కిందికి వంచారు.
* బ్రిటిష్ లీ-ఎన్‌ఫీల్డ్ నెం. 4 (టి) రైఫిల్‌లో ప్రతి మౌంటునూ ఒక్కొక్క రైఫిల్‌కు విడిగా సరిపరచేవారు. ఒకదాని స్కోప్ మరొకదానికి పెట్టకుండా మౌంటుపై రైఫిల్ సంఖ్యను, రైఫిల్ కర్రపై స్కోప్ సంఖ్యను ముద్రించేవారు.

ఒకే కొలతతో అన్నింటికీ సరిపోయే పీఠం కోసం జరిగిన ప్రయత్నాలలో అమెరికాకు చెందిన విలియం వీవర్ పేరుతో వచ్చిన వీవర్ రెయిల్ మొదట ప్రచారం పొందింది. అమెరికా సైన్యం 1995లో పికటినీ రెయిల్‌ను ప్రామాణికంగా నిర్ణయించింది. దీని అడ్డగాడుల వెడల్పు 5.23 మి.మీ.; ఒక గాడి మధ్య నుండి తరువాతి గాడి మధ్యకు దూరం 10.01 మి.మీ. 2009లో నాటో కూటమి దీనిని కొద్దిపాటి మార్పులతో తన ప్రమాణంగా తీసుకొన్నది.

ఎంపిక

మౌంటును ఎన్నుకొనేటప్పుడు ఈ విషయాలు చూడాలి.

* పీఠం రకం: వీవర్ గాడి వెడల్పు సుమారు 4.57 మి.మీ. మాత్రమే. అందువలన వీవర్ రింగులు సాధారణంగా పికటినీ రెయిల్‌పై కూర్చుంటాయి గాని, పికటినీ రింగులు వీవర్ గాడిలో పట్టవు. .22 రైఫిళ్ళకు, ఎయిర్ రైఫిళ్ళకు ఎక్కువగా 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి ఉంటుంది.
* రింగు వ్యాసం: స్కోప్ గొట్టం వ్యాసానికి కచ్చితంగా సరిపోవాలి. 25.4, 30, 34 మి.మీ. కొలతలు వాడుకలో ఉన్నాయి.
* ఎత్తు: ముందు కటకం బారెల్‌కు తగలకుండా, బోల్టు పిడి స్వేచ్ఛగా తిరిగేటంత ఎత్తు చాలు. అంతకు మించితే చెంప మడమపై ఆనదు. ప్రతిసారీ కన్ను ఒకేచోట నిలవదు.
* వాలు: చాలా దూరపు లక్ష్యాలకు ముందువైపు కొద్దిగా దిగి ఉండే పీఠాలు వాడతారు. 20 నిమిషాల కోణపు వాలు గల పీఠం 100 మీటర్ల వద్ద సుమారు 58 సెం.మీ. అదనపు సర్దుబాటును ఇస్తుంది.
* ఎయిర్ రైఫిళ్ళు: స్ప్రింగుతో పనిచేసే ఎయిర్ రైఫిల్ ముందు వెనక్కి, వెంటనే ముందుకు అదురుతుంది. ఈ అదురుకు మౌంటు జారకుండా అడ్డుపిన్ను ఉన్న రకాన్ని తీసుకోవాలి.

అమర్చే స్థానం

స్కోప్‌లో దృశ్యం పూర్తిగా కనబడాలంటే కంటికీ వెనుక కటకానికీ మధ్య నిర్ణీత దూరం ఉండాలి. వేట రైఫిళ్ళ స్కోపులలో ఇది సుమారు 75 నుండి 100 మి.మీ. వరకు ఉంటుంది. స్కోప్ మరీ వెనుక ఉంటే తూటా పేలినప్పుడు రైఫిల్ వెనక్కి తన్ని, దాని అంచు కనుబొమను కోస్తుంది. ముఖ్యంగా ఎగువకు గురిపెట్టినప్పుడు, పడుకొని కాల్చినప్పుడు కన్ను స్కోప్‌కు మరింత దగ్గరవుతుంది. కావున కాల్చబోయే వ్యక్తి, వాడబోయే దుస్తులతో, వాడబోయే భంగిమలలో రైఫిల్ పట్టుకొని చూసిన తరువాతే స్థానాన్ని నిర్ణయించాలి. కళ్ళు మూసుకొని రైఫిల్‌ను భుజానికి ఆనించి కళ్ళు తెరవగానే దృశ్యం నిండుగా కనబడితే స్థానం సరైనదని గ్రహించవచ్చు.

అమెరికన్ రచయిత జెఫ్ కూపర్ 1980లలో ప్రతిపాదించిన స్కౌట్ రైఫిల్‌లో స్కోప్‌ను తూటాలు నింపే చోటుకు ముందుగా, బారెల్‌పై అమరుస్తారు. దీనికి కంటిదూరం ఎక్కువగా ఉండే ప్రత్యేక స్కోపులు అవసరం.

బిగించే విధానం

# రైఫిల్‌లో తూటా లేదని నిర్ధారించుకోవాలి.
# మరల రంధ్రాలను, పీఠం అడుగును నూనె లేకుండా తుడవాలి.
# పికటినీ రెయిల్‌పై రింగును ముందుకు నెట్టి, దాని అడ్డుకడ్డీ గాడి ముందు అంచుకు ఆనేటట్లు బిగించాలి.
# స్కోప్‌ను వదులుగా కూర్చి కంటిదూరాన్ని సరిచూడాలి.
# రైఫిల్‌ను సమతలంగా నిలిపి, దూరంగా వేలాడదీసిన తూకపు దారంతో స్కోప్‌లోని నిలువుగీతను సరిపోల్చాలి.
# రింగు మరలను ఒకదాని తరువాత ఒకటిగా, కొద్దికొద్దిగా, రెండు వైపులా సమానమైన సందు ఉండేటట్లు బిగించాలి. బిగింపు బలాన్ని తయారీదారు చెప్పిన మేరకే ఉంచాలి. ఎక్కువైతే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది.

గీతలు నిలువుగా ఉండడం అలంకారం కోసం కాదు. ఒక దూరంలో తూటా 100 సెం.మీ. దిగుతుందని గురిని అంతమేర పైకి సర్దినప్పుడు, స్కోప్ 5 డిగ్రీలు ఒరిగి ఉంటే తూటా సుమారు 9 సెం.మీ. పక్కకు పోతుంది. బిగించిన తరువాత లక్ష్యఫలకంపై కాల్చి గురిని సరిచేయాలి. కొన్ని తూటాలు పేల్చిన పిమ్మట మరలను మళ్ళీ పరీక్షించాలి.

భారతదేశంలో

భారత సైన్యం వాడిన డ్రాగునోవ్ రైఫిల్‌లో పైమూత పలుచనిది, ఊడదీసేది. అందువలన మౌంటును రిసీవర్ ఎడమ పక్కన ఉన్న రెయిల్‌కు బిగిస్తారు. స్కోప్ కింద నుండి మామూలు గురిపుల్లను కూడా చూడవచ్చు. దేశంలో తుపాకుల కొనుగోలు, వాడకం 1959 నాటి ఆయుధాల చట్టానికి లోబడి ఉంటాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. ఒలింపిక్ రైఫిల్ పోటీలలో స్కోప్‌ను అనుమతించరు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ కాంస్యాన్ని కటకాలు పెద్దదిగా చూపని రంధ్రపు గురిసాధనంతోనే గెలిచాడు.